రెండు శేర్ల రాయి

పుట్టినప్పుడు నా బరువు రెండు శేర్లట. ఈ మాట నాకు నా పేరు తెలియకముందు నుంచీ తెలుసు. చెన్నూరు దగ్గర మా ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ, "రెండు శేర్లది" అన్నవాళ్లే ఎక్కువ. బడిలో అదే, చేన్లో అదే. ఆఖరికి నన్ను చూడ్డానికి పెళ్లివారు వస్తే, పక్కింటి ముసలమ్మ వాళ్ల ముందు కూర్చుని, "పుట్టినప్పుడు రెండు శేర్లే ఉండె. గిప్పుడు జూడుండ్రి, ఎట్లయిందో!" అంది. పొగడ్తే పాపం. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లను చూపిస్తూ ఎవరైనా పెసర్ల లెక్క చెప్తారా?

ఇప్పుడు నా బరువు ఎనభై నాలుగు కిలోలు. నేనే ముందు చెప్పేస్తున్నాను, వెనక ఎవరూ చెవులు కొరుక్కోనక్కర్లేదు. శ్రీరాంపూర్‌లో నాకు పిండి గిర్ని ఉంది. మా ఆయన బొగ్గుబాయిలో దిగి ఎక్కినన్నాళ్లూ నేను ఈ గిర్ని తిప్పాను, ఆయన రిటైరయ్యాక కూడా నేనే తిప్పుతున్నాను. జొన్నలు, గోధుమలు, బియ్యం, ఎండు మిర్చి, పసుపు కొమ్ములు. పొద్దున లేస్తే తూకమే నా పని. తూకానికొచ్చినవాళ్లలో సగం మందికి నా ఒంటి మీదే కన్ను. "అక్కా, నువ్వు కాంటా ఎక్కకు, ఖరాబైతది" అంటాడొకడు. "పిండి మొత్తం నువ్వే తింటున్నవా ఏంది?" అంటుంది ఇంకొకామె. డాక్టరు తగ్గమన్నాడు, అది ఆయన పని, వింటాను. మిగతావాళ్ల మాట ఎందుకు వినాలి? నా బరువు నేనే మోసుకుంటున్నాను, ఎవరి నెత్తినా పెట్టలేదు.

ఆ రెండు శేర్లకూ ఈ ఎనభై నాలుగు కిలోలకూ మధ్య మా అవ్వ మొక్కు ఒకటి తీరకుండా ఉండిపోయింది. మేం అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం.

మా దిక్కు రెండేళ్లకోసారి మాఘమాసంలో వనదేవతల జాతర జరుగుతుంది. ఆ తల్లులకు మేం ఇచ్చేది బెల్లం. దాన్ని బెల్లం అని ఎవరమూ అనం, బంగారం అంటాం. పిల్లలకు జ్వరమొచ్చి తగ్గకపోయినా, బాయిలోకి వెళ్లిన మనిషి వేళకు పైకి రాకపోయినా, "తల్లీ, గీ పానం దక్కితే ఆ మనిషి బరువంత బంగారం ఇస్త" అని మొక్కుతారు. మొక్కు తీర్చే రోజున ఆ మనిషిని తరాజులో ఒక పళ్లెంలో కూర్చోబెట్టి రెండో పళ్లెంలో బెల్లం పేరుస్తారు. ఆ బెల్లం జాతరలో తల్లులు కొలువుండే గద్దెకు పోతుంది.

నేను నెలలు నిండకుండా పుట్టాను. నేను బతకాలని అవ్వ నా బరువంత బంగారం మొక్కుకుంది. నేను బతికాను. మొక్కు మాత్రం తీర్చలేదు. జాతర వచ్చినప్పుడల్లా బాపు అడిగేవాడు.

"రెండు శేర్ల బంగారమే గదనే. కొంగుల ముడేస్కొని పోయి ఇచ్చి రారాదు?"

"ఇంక టైం రాలే" అనేది అవ్వ. అంతే. ఎందుకు రాలేదో చెప్పేది కాదు. నాకు ఒళ్లు వెచ్చబడితే చాలు, "తల్లులతోటి పరాచికాలాడుతున్నది" అని ఊరంతా అవ్వను ఆడిపోసుకునేది. అవ్వ చెవిన పెట్టేది కాదు. బాపు ఉన్నన్నాళ్లూ అడిగి అడిగి, అలాగే పోయాడు.

మొన్నటి వానకాలంలో అవ్వ కుడికన్ను పోయింది. మసక అనుకుంటూ మాకెవరికీ చెప్పకుండా గడిపేసింది. కరీంనగర్ తీసుకెళ్తే, నీటికాసులు అన్నాడు డాక్టరు. పోయిన చూపు రాదు, రెండో కంట్లో ఉన్నదాన్ని మందులతో కాపాడుకోవాలి, అది కూడా ఎన్నాళ్లో చెప్పలేను అన్నాడు. తిరుగు బస్సులో అవ్వ కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు బయటికి చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, గీ జాతరకు నీ మొక్కు తీర్సాలె. నాకు కండ్లున్నప్పుడే."

"కండ్లకూ మొక్కుకూ ఏం సంబంధమే? ఎప్పుడు తీర్సినా తల్లులకు తెల్వదా?"

"తల్లులకు తెలుస్తది. నాకు తెల్వొద్దా?"

ఎలాగైనా సరే, అవ్వ కళ్ల ముందే ఈ మొక్కు తీరాలని ఆ బస్సులోనే అనుకున్నాను.

ఇక మా తమ్ముడి సంగతి. కరీంనగర్‌లో ఆఫీసరు. మంచివాడే, కాకపోతే నలుగురేమనుకుంటారో అన్న దిగులు వాడికి పుట్టుకతో వచ్చింది. మొక్కు సంగతి ఫోన్లో చెప్పగానే ఆదివారం మా ఇంటికొచ్చాడు. వెంట ఆసిఫాబాద్ నుంచి మా మేనమామను కూడా రప్పించాడు. మామకు బట్టల దుకాణం. మా చుట్టాల్లో ఎవరు అసలు బంగారం కొన్నా ఆయన పక్కన ఉండి బేరమాడాల్సిందే. అవ్వ గోడవారగా మంచం మీద పడుకుంది. నేను చాయ్ పెట్టి తెచ్చేసరికే తమ్ముడు మొదలుపెట్టాడు.

"అక్కా, అవ్వ మొక్కింది నువ్వు రెండు శేర్లున్నప్పుడు. అంటే మొక్కు రెండు శేర్లదే. శేరంటే కిలో. రెండు కిలోల బంగారం పట్టుకపోయి గద్దె మీద పెట్టి, దండం పెట్టుకొని వద్దాం. తరాజెందుకు, గడబిడెందుకు?"

"శేరంటే కిలో ఎట్లయితదిరా?" అన్నాడు మామ, చాయ్ సాసర్లో పోసుకుంటూ. "శేరుకు ఎనభై తులాలు. తులానికి పది గ్రాములు. ఎనిమిది నూర్ల గ్రాములాయె. రెండు శేర్లకు పదహారు నూర్లు. కిలోన్నర మీద జర్రంత, గంతే."

"మామా, పది గ్రాముల తులం గిప్పటి బంగారం దుకాణాలది. శేర్లు నడిచిన కాలంల తులమంటే పదకొండున్నర గ్రాములు దాటి ఉండె" అన్నాను.

"ఎన్ని తులాలు కొనలేదే నేను? నాకు నేర్పుతున్నవా?"

తమ్ముడు ఫోన్ తీసి ఏదో నొక్కాడు. "మీరిద్దరు ఆగుండ్రి. ఒక్క శేరు తొమ్మిది వందల ముప్పై మూడు గ్రాములు. రెండు శేర్లు ఒకటి పాయింట్ ఎనిమిది ఆరు ఆరు. ఫికర్ లేదు, పూర్తి రెండు కిలోలు ఇద్దాం. తల్లులకు ఎక్కువిచ్చినట్టే అయితది."

చాయ్ చల్లారేలోపు నేను రెండు కిలోలయ్యాను, కిలో ఆరు వందలయ్యాను, మళ్లీ ఒకటి పాయింట్ ఎనిమిది ఆరు ఆరు అయ్యాను. మా గిర్నిలో నూకల దగ్గర కూడా ఇంత గీచి గీచి బేరమాడరు. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే కోపమొచ్చింది.

"నీ లెక్క కరెక్టే తమ్మీ" అన్నాను. "కరెక్టయితే ఏమాయె? గా ఒకటి పాయింటు పిల్ల ఏడున్నదో తోల్కరా, తరాజుల కూసోబెడుత. గీడున్నది నేను. నన్నే తూస్తరు. ఎనభై నాలుగు."

"అట్ల కాదక్కా..."

"మరెట్ల?"

వాడు మామ వైపు చూశాడు. మామ సాసరు వైపు చూశాడు. చివరికి వాడే కక్కాడు. "బజార్ల, గంత మంది ముందట, నువ్వు తరాజుల కూసుంటె... ఫోన్లల్ల తీస్తరక్కా. గది గ్రూపులల్ల తిరుగుతది. మా ఆఫీసోళ్లు సూస్తరు. నవ్వుతరు."

అదీ సంగతి! శేర్లూ తులాలూ పాయింట్లూ అన్నీ దీనికోసమే. వాడి బాధ మొక్కు గురించి కాదు, నా ఒళ్లు గురించి.

"సూడనీ!" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "నేనేమన్న దొంగ తూకం ఏస్తున్ననా? ఒకల్ల సొమ్ము తిని పెరిగిన్నా? పుట్టినప్పుడు తక్కువున్ననని నవ్విండ్రు. గిప్పుడు ఎక్కువున్ననని నవ్వుతరు. ఇగ నేనెంతుండాలెనో కాయితం మీద రాసియ్యుండ్రి, సూస్త. నీ అక్క బరువు నీకు సిగ్గయితే నువ్వు రాకు. నేను, అవ్వ పోతం."

అప్పుడు మంచం మీద నుంచి అవ్వ మెల్లగా లేచి కూర్చుంది.

"రెండు శేర్లని ఎవలన్నరు?"

అందరం ఆమె వైపు తిరిగాం.

"అందరు అనవట్టిరి గదనే, నేను పుట్టినకాడికెల్లి" అన్నాను.

"రెండు శేర్లు ఏడియి? రెండు శేర్ల రాయి లేవనే లేదు."

ఇన్నేళ్లలో అవ్వ ఆ రోజు సంగతి మాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం చెప్పింది, ఏడవకుండా, ఆగి ఆగి.

నేను పుట్టాక పాలు తాగలేదట. ఏడుపు కూడా సరిగా లేదు, పిల్లికూన మూలిగినట్టు మూలిగేదాన్నట. కరీంనగర్‌లో పెద్ద డాక్టరుకు చూపిద్దామని అవ్వ పట్టుబట్టింది. పడవ ఎక్కి గోదావరి దాటాలి, అవతల బస్సు పట్టుకోవాలి. మా నాయనమ్మ ఒప్పుకోలేదు. ఈ పిల్ల దక్కేది కాదు, ఇంత దూరం పోవడం దండగ అంది. అవ్వ వినకపోయేసరికి, "అయితే తూయిద్దాం పా, పానం ఎంతున్నదో అదే తెలుస్తది" అని నన్ను బట్టలో చుట్టి ఊళ్లోని మిర్చి దుకాణానికి తీసుకెళ్లింది. కిలోల రాళ్లు సర్కారు ఎప్పుడో తెచ్చినా ఆ దుకాణంలో ఇంకా శేరు రాళ్లే ఉండేవి.

"మిరపకాయలు తూసే తరాజుల నిన్ను పండవెట్టిండ్రు" అంది అవ్వ. "పళ్లెం నిండ ఎర్రటి పొడి. అవతల రెండు శేర్ల రాయి పెట్టిండ్రు. రాయి నేలమీదికెల్లి లేవలే. కదలనన్న కదలలే. నువ్వేమో పైన, గాలిల ఉయ్యాలూగుతున్నవ్. మా అత్త అన్నది, సూసినవా, రాయి లేవలే. కోడిపుంజు ఇంతకన్న బరువుంటది. గీ పానానికి కరీంనగరం ఎందుకు అన్నది."

"మరి రెండు శేర్లని...?" అన్నాడు తమ్ముడు.

"దుకాణపాయన ఇంకో చిన్న రాయి చేతిల పట్టుకున్నడు కొడుకా, పెట్టి సూద్దామని. నేను పెట్టనియ్యలే. ఎంత తక్కువనో తెలుసుకొని ఏం జేస్త? పిల్లను గుంజుకున్న. ఆయన నా మొకం సూసిండు. బయట నిలవడ్డోళ్లు ఎంతున్నది ఎంతున్నది అని అడుగుతాంటె, రెండు శేర్లున్నది పో అని చెప్పిండు. పుణ్యాత్ముడు. గదే మాట ఊర్ల పడ్డది."

తమ్ముడి చేతిలో ఫోన్ వెలుగు ఆరిపోయింది. పాయింట్ తర్వాత మూడంకెల దాకా వాడు లెక్కగట్టిన ఆ రెండు శేర్లు అసలు లేనే లేవు. నన్ను ఇన్నేళ్లు ఉడికించిన ఆ మాట, ఒక దుకాణదారు జాలిపడి నా తూకానికి కలిపిన మొగ్గు. అది తెలిసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను.

"ఊకో" అంది అవ్వ. "గప్పుడే మిరప ఘాటు ముక్కులకు పోయి నువ్వు కెవ్వుమన్నవ్. ఊరంత ఇనబడ్డది. గంత గొంతు నీకున్నదని నాకు గప్పుడే తెలిసింది. ఆ తరాజు ముందటనే మొక్కిన, తల్లీ దీని బరువంత బంగారం ఇస్త అని. ఎవలినీ అడగలే. సీదా పడవ కాడికి నడిసిన."

"మరి ఇన్నేండ్లు ఎందుకు తీర్సలే అక్కా?" అని మామ అడిగాడు. ఆయన గొంతు తగ్గింది.

అవ్వ పైట కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"భయం తమ్మీ. మొక్కు తీర్సినమంటే లెక్క ముట్టింది, ఇగ నీ బిడ్డ నీ ఇష్టం అని తల్లులు అటు మళ్లుతరేమో అని. మొక్కు ఉన్నన్ని దినాలు యాదుంచుకుంటరు గద! ఏటికేడు దీని బరువు పెరుగుతాంటె నాకు సంబరమైతుండె. ఇంక పెరగనీ, ఇంక పెరగనీ అనుకున్న. గిప్పుడు కండ్లు పోతున్నయి. సూడకుండ పోతనేమో అని గీ భయం పెద్దగైంది."

నా ఒళ్లు చూసి సంబరపడ్డ మనిషి ఈ లోకంలో ఒకరున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంత లావైతే ఎట్లా అని అందరూ అంటున్నప్పుడు, అవ్వ మాత్రం నా కంచంలో ఇంకో గరిటె నెయ్యి ఎందుకు వేసేదో ఆ రోజు అర్థమైంది.

జాతర దగ్గరపడ్డాక, మంచి రోజు చూసుకుని మా బజారులోని బెల్లం దుకాణానికి వెళ్లాం. దుకాణం ముందు పందిరి, డప్పులు, మొక్కు తీర్చుకునేవాళ్ల వరస. సారా కాస్తారేమోనని బెల్లానికీ ఆధార్ అడుగుతున్నారీ రోజుల్లో, నాది తీసుకున్నారు. నేను పసుపు చీర కట్టుకుని, నుదుటిన ఇంత బొట్టు పెట్టుకుని వెళ్లాను. సేటు నన్ను చూసి కరెంటు కాంటా చూపించాడు.

"అక్కా, గీ మిషన్ మీద నిలబడు. నంబర్ పడుతది. గంత బెల్లం కట్టిస్త. రెండు నిమిషాల పని."

"నంబర్ నాకు కనబడది" అంది అవ్వ. "తరాజు తెప్పియ్యి."

"పెద్ద తరాజు లోపలున్నదవ్వా, మళ్ల అది కట్టాలె..."

"కట్టు."

సేటు లోపలి నుంచి పెద్ద తరాజు తెప్పించి దూలానికి వేలాడదీయించాడు. రెండు వైపులా ఇనుప గొలుసులు, కింద చెక్క పళ్లేలు. జనం చుట్టూ చేరారు. ఫోన్లు లేచాయి, తమ్ముడు చెప్పినట్టే. వెనక నుంచి ఎవడో, "సేటూ, గొలుసులు గట్టియేనా?" అన్నాడు. కిసకిసలు.

నేను వాడి వైపు తిరిగాను. "గొలుసుల సంగతి సేటు సూస్కుంటడు. నువ్వు ఫోను సక్కగ పట్టు. నా మొకం సగం కోస్తివా, ఊకోను!"

ఈసారి జనం వాణ్ని చూసి నవ్వారు. నేను దర్జాగా పళ్లెంలో కూర్చుని కాళ్లు మడుచుకున్నాను. పళ్లెం దబ్బున నేలకు ఆనింది. అవతలి ఖాళీ పళ్లెం నా తల దాటి పైకి లేచి ఊగింది. అప్పుడు చూశాను, నేను రావొద్దన్న తమ్ముడు రోడ్డవతల చాయ్ డబ్బా దగ్గర నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. నేను చూడగానే దాటి వచ్చాడు, చొక్కా చేతులు మడిచి బెల్లం ముద్దలు అందుకోవడం మొదలుపెట్టాడు.

అవ్వను నా పక్కనే స్టూలు మీద కూర్చోబెట్టాం. నా వైపు గొలుసు ఒక చేత్తో పట్టుకుంది.

"నీ బరువెంతన్నవ్?"

"ఎనభై నాలుగు కిలోలే."

"గా కిలోలు నాకు సమజ్ కావు. శేర్లల్ల చెప్పు."

తమ్ముడు జేబులో చెయ్యి పెట్టబోయాడు. అప్పటికే నేను వేళ్ల మీద లెక్క కట్టేశాను. "తొంబై శేర్లు."

"నలభై శేర్లకు మణుగు..." అవ్వ పెదాలు కదిలాయి. "రెండు మణుగుల మీద పది శేర్లా! ఓ యవ్వో!" అని పకపకా నవ్వింది. పక్కనున్నవాళ్లను పట్టుకుని, "రెండు మణుగుల మీద పది శేర్లు, నా బిడ్డ" అని చెప్పింది. నా బరువు ఎవరైనా అంత గర్వంగా చెప్పగా వినడం నాకు అదే మొదలు.

బెల్లం పళ్లెం గాల్లోనే నిండుతూ వచ్చింది. ముద్దల మీద ముద్దలు. చివరికి నా కింద పళ్లెం సన్నగా వణకడం తెలిసింది. సేటు ఇంకో ముద్ద పైకెత్తాడు.

"ఆగు సేటూ" అంది అవ్వ.

"గిదొక్కటి పెడితె సరైతదవ్వా. లేస్తది."

"ఎరుకే. జరసేపు గట్లనే ఉండనీ."

సేటు ముద్ద పట్టుకుని నిలబడ్డాడు. తమ్ముడు నిలబడ్డాడు. డప్పులవాళ్లు కూడా ఎందుకో ఆపారు. అవ్వ స్టూలు మీద నుంచి వంగి, నా పళ్లెం అంచు కింద నేలను వేళ్లతో తడిమింది. ఎక్కడా సందు లేదు. తల ఎత్తి, అవతల, ఆనాటి రాయి చోట, గాల్లో ఉన్న బెల్లాన్ని చూపున్న కంటితో చూసింది. మళ్లీ నన్ను చూసింది. చాలాసేపు చూసింది. నా కాళ్లు తిమ్మిరెక్కాయి, అయినా కదల్లేదు.

"అత్తా, రాయి లేసింది సూడు" అంది, ఎప్పుడో పోయిన మా నాయనమ్మతో.

తర్వాత సేటు వైపు తిరిగి, "ఇగ పెట్టు" అంది.